పసుపు మీద మోపిన నేరం

హెలికాప్టర్లు బాగుచేసే మా చిన్న లోకంలో నన్ను ఇప్పటికీ కొందరు ‘పసుపు మాస్టారు’ అంటారు. కొత్తగా చేరినవాళ్లు నేను పూజలు ఎక్కువ చేసే మనిషినని అనుకుంటారు. ఈమధ్య శిక్షణలో ఉన్న ఒక అబ్బాయి ఫోన్ చేసి, “మీ పసుపు కథ మా క్లాసులో చెప్పారు సార్, పొట్ట చెక్కలయ్యేలా నవ్వాం” అన్నాడు. వాడికి చెప్పినవాళ్లు సగమే చెప్పారు. వాళ్లననడానికేం లేదు. ఆ సగాన్ని అంత సొంపుగా తయారుచేసి అందరికీ పంచిపెట్టింది నేనే. మిగతా సగం చెప్పే బాధ్యత కూడా నాదే.

నాది న్యాల్‌కల్ వైపు పల్లె. ముప్ఫై ఏళ్లకు పైగా రెండు బ్లేడ్ల చిన్న హెలికాప్టర్ల వెంట తిరిగాను. నలుగురు పట్టే యంత్రాలు. పెళ్లిళ్లకు, ప్రచారాలకు, గుళ్ల మీద పూలు చల్లడానికి అద్దెకు పోతాయి. ఎక్కడికి పోయినా ఒక పైలటు, ఒక ఇంజినీరు, ఒక పెట్టెడు సామాను, అంతే. యంత్రంలో వణుకు పుడితే అది ఎక్కడిదో పట్టుకోవడం నా పని. అందులో నాకు పేరుండేది. ఆ పేరు నెత్తికెక్కిందని ఇప్పుడు అనగలుగుతున్నాను గానీ, అప్పట్లో ఎవరైనా అని ఉంటే వాళ్లతో మాటలు మానేసేవాణ్ని.

వణుకు గురించి నాలుగు ముక్కలు చెప్పాలి. రెండు బ్లేడ్ల యంత్రం ఆరోగ్యంగా ఉన్నా కాస్త ఊగుతుంది. ఒక్కో చుట్టుకు రెండుసార్లు వచ్చే ఆ ఊపు దాని స్వభావం, దానితో పేచీ లేదు. చుట్టుకు ఒక్కసారే వచ్చే వణుకు మాత్రం జబ్బు. రెండు బ్లేడ్లలో ఒకటి రెండోదానితో సమంగా లేదని దాని అర్థం. బరువులో తేడా ఉండవచ్చు, ఒకటి ఎత్తుగా ఒకటి పల్లంగా ఎగురుతూ ఉండవచ్చు, లేదా ఒకదాని ఒంట్లో ఏదో తెగుతూ ఉండవచ్చు. మా దగ్గరున్న పరికరం వణుకు ఎంత ఉందో, ఏ బ్లేడు వైపు బరువుగా లాగుతోందో చూపిస్తుంది. గుర్తు కోసం ఒక బ్లేడు కొసకు ఎర్ర పట్టీ, రెండోదానికి తెల్ల పట్టీ అంటిస్తాం. తేలికగా ఉన్న వైపు చిన్న వాషర్లు బిగించి సరిచేస్తాం. బ్లేడు కొసన నాలుగైదు గ్రాములు తేడా వచ్చినా పైలట్ మోకాళ్లకు తెలిసిపోతుంది.

నాకు పని నేర్పిన పెద్దాయన ఎప్పుడూ రెండే మాటలు చెప్పేవాడు. ఒకసారికి ఒక్కటే మార్చు. సరిచేసిన వణుకు తిరిగి వస్తే వాషర్ల డబ్బా మూసిపెట్టి బ్లేడు మొదలు చూడు. ఈ రెండు మాటలూ నేను ఎంతమందికి చెప్పానో లెక్కలేదు. నోటితో చెప్పడానికి కష్టమేముంది?

రిటైరవడానికి ఇంకా ఏడాది ఉందనగా మాకు జహీరాబాద్‌లో పని పడింది. చిరాగ్‌పల్లి దగ్గర చెరకు, అల్లం పండించే ఒక పటేలు కొత్తగా గుడి కట్టించాడు. ప్రతిష్ఠకు నాలుగు రోజులు పైనుంచి పూలు చల్లాలి, మధ్యమధ్య చుట్టాలను ఎక్కించుకుని ఒక చుట్టు తిప్పి దింపాలి. అంతకాలం ఉద్యోగంలో నేను సొంత గడ్డ మీద పనిచేయడం అదే మొదలు. హైవే పక్కన చెరకు కొట్టేసిన చేలో దిగాం. ట్రాక్టర్ల ఫ్యాక్టరీలో షిఫ్టు దిగినవాళ్లు బస్సు ఆపించుకుని మరీ చూశారు. నాతో బడికి వచ్చినవాళ్లు, మా తమ్ముడి బావమరదులు, వాళ్ల పిల్లలు అందరూ వచ్చి నన్ను యంత్రం మీద చెయ్యి వేసి నిలబడమని ఫొటోలు తీశారు. ఆ నాలుగు రోజులూ నా కాళ్లు నేల మీద ఆనలేదు.

పైలట్ గోదావరి వైపు మనిషి. నాకంటే పదిహేనేళ్లు చిన్నవాడు. ఎక్కడికి వెళ్లినా ముందు భోజనం సంగతి కనుక్కునేవాడు. నన్ను ఆటపట్టించడం అతనికి హక్కు, విసుక్కోవడం నాకు హక్కు. ఎనిమిదేళ్లుగా అలాగే నడుస్తోంది. నేను సంతకం పెట్టిన యంత్రాన్ని అతను తిరిగి ప్రశ్నించింది లేదు.

మొదటి రోజు మధ్యాహ్నం దిగి వస్తూ, “మాస్టారూ, ఎందుకో ఎడ్లబండి ఎక్కినట్టుందండి” అన్నాడు. పరికరం పెట్టి చూశాను. వణుకు ఉంది. ఎర్ర పట్టీ వైపు చూపించింది. ఒక వాషరు వేసి తిప్పించాను. తగ్గింది. అంతవరకూ మామూలే.

రెండో రోజు పొద్దున తొమ్మిదింటికి మళ్లీ వచ్చింది, అదే ఎర్ర పట్టీ వైపు. పెద్దాయన రెండో మాట నాకు గుర్తొచ్చింది. నిచ్చెన తెమ్మని పటేలు మనుషులకు చెప్పాను కూడా. బ్లేడు మొదలు, అంటే అది నడిమధ్యన ఇరుసుకు బిగిసే చోటు, నిచ్చెన లేకుండా కనిపించదు. వాళ్లు నిచ్చెన తెచ్చేలోపు ఊరికే ముందువైపు బ్లేడు కొస పట్టుకుని కిందికి వంచాను. చేతికి పసుపు అంటింది.

బ్లేడు అడుగున జానెడు మేర పసుపూ గంధమూ మందంగా పూసి ఉన్నాయి. పైన మూడు కుంకుమ బొట్లు, వాటికి అంటుకున్న అక్షింతలు. కొంత ఎగిరిపోయింది, కొంత ఎండి గట్టిపడింది. చెప్పొద్దూ, నాకు పట్టరాని సంతోషం కలిగింది. దొంగ దొరికాడు! నిచ్చెన పట్టుకొచ్చిన మనుషులను అక్కడే ఆపేసి, “ఎవరు రాసిన్రు ఇది?” అని కేకేశాను.

పటేలు తల్లి ముందుకు వచ్చింది. డెబ్బై దాటిన మనిషి. అప్పటికి ఇంటి పెత్తనమంతా ఆమెదే.

“నేనే రాసిన బిడ్డా. నిన్న దిగంగనే రాసిన, ఇయ్యాల తెల్లారంగనే స్టూలేసుకోని మళ్ల గా రెక్కకే రాసిన. మా ఇంటికి ట్రాక్టర్ వచ్చినా, మోటర్‌సైకిల్ వచ్చినా నా చెయ్యి పడకుంట బయటికి పోదు. గాలిమోటర్‌ను ఉత్తగ ఎట్ల పంపుత?”

“నీ పసుపు బరువుకే అది వణుకుతున్నది అవ్వా! అండ్ల మనుషులుంటరు. కిందవడితే ఎవరు జవాబు చెప్పాలె?”

రెండువందల మంది ఉన్నారక్కడ. ఆమె కోడళ్లు, మనవలు, పొలం పనివాళ్లు, గుడికి వచ్చిన అయ్యగార్లు. ఆమెతో అలా మాట్లాడినవాళ్లు ఆ ఊళ్లో అంతకుముందు లేరని వాళ్ల మొహాలు చూస్తేనే తెలిసింది. అయినా నేను ఆపలేదు. బ్లేడు కొసన గ్రాము బరువు ఎన్ని కిలోలై లాగుతుందో అందరికీ వినబడేలా పాఠం చెప్పాను. ఆమె తన చేతివైపు చూసుకుని, “నా చెయ్యితోనా?” అని ఒక్కమాటే అంది. పటేలు చేతులు జోడించి, “తెల్వక చేసింది సార్, జర మాఫ్ చెయ్యిన్రి” అన్నాడు. నేను మాఫ్ చేశాను. ఆ మాట రాయడానికే ఇప్పుడు సిగ్గుగా ఉంది.

బక్కెట్లో నీళ్లు తెప్పించి రెండు బ్లేడ్లూ కడిగించాను. ఏ బ్లేడు మీద పసుపు ఉందో, దాని కొసన ఏ రంగు పట్టీ ఉందో చూడలేదు. గంపల్లో పూలు వాడిపోతున్నాయని అయ్యగార్లు తొందరపెడుతున్నారు. అందుకని కడగడంతోపాటే ఇంకో వాషరు కూడా వేసేశాను. ఒకేసారి రెండు మార్చానన్నమాట. వణుకు తగ్గింది. కడిగినందుకు తగ్గిందో, వాషరుకు తగ్గిందో దేవుడికే తెలియాలి. నేను మాత్రం కడిగినందుకే అని నిర్ణయించాను. లాగ్ పుస్తకంలో నా చక్కని దస్తూరితో రాశాను: బ్లేడు మీద పసుపు, గంధం పూత. శుభ్రపరచి, సమతూకం చేయబడినది. సంతృప్తికరం.

నిచ్చెనను వాళ్లు గుడికి తోరణాలు కట్టుకోవడానికి తీసుకెళ్లిపోయారు.

నాలుగో రోజు సాయంత్రం పైలట్, “కొంచెం ఉందేమోనండి” అన్నాడు. హైదరాబాద్‌లో చూస్తారులే అన్నాను. హైదరాబాద్‌లో మావాళ్లు లాగ్ పుస్తకం తెరిచారు, పసుపు అని చదివారు, నవ్వుకున్నారు, ఇంకో వాషరు వేశారు. అంత పేరున్నవాడు కారణం తేల్చి రాశాక మళ్లీ వెతికే అవసరం ఎవరికుంటుంది?

ఆ కథ ఎంత వేగంగా పాకిందో చెప్పలేను. అవ్వ తెల్లవారుజామున స్టూలు మీద నిలబడి బ్లేడుకు పసుపు రాస్తుండగా ఆమె మనవడు ఫొటో తీశాడు. దాన్ని నేను మావాళ్లందరికీ పంపాను. శిక్షణా తరగతుల్లో పెట్టారు. బయటి వస్తువు వల్ల వణుకు ఎలా పుడుతుందో చెప్పడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ లేదని మా పెద్ద ఆఫీసరు నలుగురిలో మెచ్చుకున్నాడు. పైలట్ నాకు పేరు పెట్టేశాడు. ఎక్కడ దిగినా, “మా పసుపు మాస్టారి సంగతి విన్నారా అండి?” అని మొదలుపెట్టేవాడు. అవ్వ గొంతును బాగా అనుకరించేవాడు కూడా. నేను కోపం నటించేవాణ్ని. లోపల గర్వంగా ఉండేది.

నెల తిరిగింది. యంత్రం మరో జిల్లాకు పోయింది. దానితో వేరే ఇంజినీరు వెళ్లాడు. పని తెలిసినవాడే, జాగ్రత్తపరుడే. నేను సెలవు పెట్టి మా తమ్ముడి చేలో అల్లం తవ్విస్తున్నాను. చేతులనిండా మట్టి. మధ్యాహ్నం పైలట్ ఫోన్ చేశాడు. భుజంతో ఫోన్‌ను చెవికి ఆనించుకున్నాను.

“పసుపు మాస్టారూ, మళ్లీ మొదలైందండి. ఇక్కడా గుడి పనే. పొద్దున్నే బొట్లు పెట్టేశారు.”

“అయితే ఇంకేం, కడిగించు. తిట్టడానికి అక్కడ ఒక అవ్వను చూసుకో.”

అతను నవ్వాడు. నేనూ నవ్వాను. పక్కన అల్లం దులుపుతున్న ఆడవాళ్లు కూడా, ఎందుకో తెలియకుండానే, నన్ను చూసి నవ్వారు. నేను ఫోన్ దించబోయాను.

“అంతే అంటారా మాస్టారూ?”

“అంతే. కడిగి, ఒక వాషరు వేయించు. చాలు.”

ఏ బ్లేడు వైపు అని అడగలేదు. ఇప్పటికి ఎన్నిసార్లు వచ్చిందని అడగలేదు. అడిగి ఉంటే పది రోజుల్లో అది మూడోసారి అని చెప్పేవాడు, నేను ఆ క్షణంలోనే యంత్రాన్ని నిలబెట్టించేవాణ్ని. ఎనిమిదేళ్లలో ఎప్పుడూ నన్ను రెండోసారి అడగని మనిషి ఆ రోజు రెండోసారి అడిగాడు. అతనికి భయం వేసిందని నాకు తట్టనే లేదు. ఫోన్ పెట్టేశాక అక్కడి ఇంజినీరుతో, “మాస్టారు చెప్పేశారండి, ఇంకేం పర్లేదు” అన్నాడట. తర్వాత ఆ ఇంజినీరే చెప్పాడు.

మర్నాడు పొద్దున పది గంటల వేళ, పూలు చల్లి వెనక్కి తిరుగుతుండగా, గాల్లోనే ఒక బ్లేడు ఊడి వచ్చింది. రెండు బ్లేడ్ల యంత్రానికి ఒకటి పోతే చేయగలిగేదేమీ ఉండదు. పైలటూ, వెనక కూర్చుని పూలు చల్లుతున్న ఆ ఊరి మనిషీ పోయారు. నేను వెళ్లేసరికి సాయంత్రమైంది. పొలంలో బంతిపూలు చాలా దూరం పడి ఉన్నాయి. అంతకంటే ఎక్కువ రాయలేను.

విచారణలో లోహాల సంగతి తెలిసిన ఒక అధికారి విరిగిన ముక్కను బల్ల మీద పెట్టి చూపించాడు. బ్లేడు మొదట్లో, బోల్టు పక్కన, ఉల్లిపాయ పొరల్లా వరసగా గీతలున్నాయి. పగులు కొద్దికొద్దిగా పెరిగిన గుర్తులవి. జహీరాబాద్‌లో పూలు చల్లే నాటికే అది పుట్టి ఉందని, నిచ్చెన ఎక్కి భూతద్దంతో చూస్తే రంగు మీద వెంట్రుకంత గీత కనబడి ఉండేదని చెప్పాడు. తర్వాత ఫోన్ తీసి మా క్లాసుల్లో తిరిగిన ఫొటోను నా ముందు పెట్టాడు.

“ఈ ఫొటో మీరు పంపిందేనా?”

“అవునండి.”

“ఈవిడ పసుపు రాస్తున్న బ్లేడు కొసన పట్టీ ఏ రంగుది?”

దాన్ని నేను వందసార్లు చూసి ఉంటాను. ఎప్పుడూ అవ్వను చూశాను, స్టూలును చూశాను, చేతిలోని గిన్నెను చూశాను.

“తెలుపు” అన్నాను.

“ఆ రోజు పరికరం కొలతలు రాసిన మీ కాగితంలో వణుకు ఏ బ్లేడు వైపు రాశారు?”

“ఎరుపు.”

“విరిగింది ఏది?”

“ఎరుపే.” సరిచేసిన వణుకు తిరిగి వస్తే బ్లేడు మొదలు చూడాలన్న సంగతి మీకు తెలుసా అని అడిగాడు. తెలుసు, నేను పాఠం చెబుతాను అన్నాను. ఆయన అది రాసుకున్నాడు.

శిక్ష పెద్దగా పడలేదు. లైసెన్సు కొన్ని నెలలు ఆపారు. అవి పూర్తయ్యేసరికి రిటైర్మెంటు వచ్చేసింది. వీడ్కోలు సభలో శాలువా కప్పి నిష్కళంక సేవ అని కూడా అన్నారు. మన సభల్లో ఆ మాట అందరికీ అంటారు కనుక నేను తల వంచుకుని కప్పించుకున్నాను.

ఈ పనిలోకి కొత్తగా వస్తున్నవాళ్లకు నేను చెప్పగలిగింది కొంచెమే. తెలియకపోవడం వల్ల జరిగే తప్పులకు పుస్తకాలున్నాయి, పై అధికారులున్నారు. కారణం దొరికిందన్న సంతోషానికి మాత్రం ఏ మందూ లేదు. ఆ సంతోషం కలిగినప్పుడు నాకు చేయవలసిన పని ఇంకా మిగిలే ఉంది, నిచ్చెన పది గజాల దూరంలో ఉంది. కథ బాగుంది కనుక నేను ఆగిపోయాను. బాగున్న కథను ఎవరూ తిరిగి పరీక్షించరు, చెప్పినవాడు అసలే పరీక్షించడు.

ఇది ఇక్కడితో అయిపోయిందనే అనుకున్నాను. రిటైరై జహీరాబాద్‌లో ఇల్లు తీసుకున్న కొత్తలో పటేలు నన్ను వెతుక్కుంటూ వచ్చాడు.

“అవ్వ ఏ బండినీ ముట్టుకుంటలేదు సార్. మన గుడికి వచ్చిన గాలిమోటరే కూలిందని టీవీల చూసినప్పటి సంది గిట్లనే ఉన్నది. రేపు కొత్త ట్రాక్టర్ వస్తున్నది. మీరైతే జర నచ్చజెప్పగలరు. మా మాట ఇంటలేదు.”

మర్నాడు వెళ్లాను. వాకిట్లో ట్రాక్టరు నిలబెట్టి ఉంది. కోడళ్లు పళ్లెంలో పసుపూ కుంకుమా కలిపి పెట్టుకుని ఎదురుచూస్తున్నారు. అవ్వ లోపలి గదిలో మంచం మీద కూర్చుని ఉంది. బాగా చిక్కిపోయింది. నేను ఆమె కాళ్ల దగ్గర నేల మీద కూర్చున్నాను.

“అవ్వా, నీ పసుపుతోని ఏం కాలేదు. రెక్క మొదట్ల పగులుండె. గది నేను చూడాల్సింది. చూడకుంట నీ మీదికి నూకిన. తప్పు నాది.”

ఫోన్ తీసి ఫొటో పెద్దది చేసి చూపించాను.

“ఇగో, నువ్వు రాసిన రెక్కకు తెల్ల పట్టీ ఉన్నది చూడు. ఇరిగింది ఇది కాదు, ఎర్ర పట్టీది. నువ్వు దాన్ని ముట్టనే లేదు.”

కళ్లకు దగ్గరగా పెట్టుకుని చాలాసేపు చూసింది. ఫోన్ తిరిగి నా చేతికిచ్చింది.

“ఆ నడిపే సారుకు పిల్లలెందరు?”

“ఇద్దరు ఆడపిల్లలు.”

తల ఊపింది. కొంగుతో ముఖం తుడుచుకుంది. తర్వాత నా తల మీద చెయ్యి వేయబోయి, వెనక్కి తీసుకుంది.

“నువ్వు మంచోనివి కొడుకా. నా బాధ తీర్సాల్నని ఇంతదూరం వచ్చినవ్. గా దినం అందరి ముంగట నన్ను అన్నప్పుడు నీ మొఖంల అబద్ధం లేకుండె. ఇయ్యాల నీ మొఖం నిండ జాలే కనవడ్తున్నది. ముసల్దాన్నే గని గంత తెల్వనిదాన్నా?”

ఇంకా చెప్పాను. విచారణ సంగతి, బల్ల మీది ముక్క సంగతి, నా లైసెన్సు సంగతి అన్నీ చెప్పాను. ఆమె అన్నిటికీ ఊ కొట్టింది. బయట కోడలు ట్రాక్టరుకు బొట్టు పెట్టింది, కొబ్బరికాయ కొట్టిన చప్పుడు వినిపించింది. అవ్వ లేవలేదు.

ఆమె పోయి ఏడాది దాటింది. చివరిదాకా ఆ ఇంట్లో ఏ బండి మీదా చెయ్యి వేయలేదని పటేలు చెప్పాడు.